భీష్మ పితామహుని జీవితము – తొమ్మిదవనాటి యుద్ధము





మన స్వామివారు బాలాలయమును వీడి తిరిగి గర్భాలయమున ప్రవేశించు శుభఘడియలు సమీపించినవి. జీర్ణోద్ధరణ సాగిన ఇన్ని మాసములును ప్రతి ఉదయము మీలో పలువురు బాలాలయము ముందు కూర్చుండి శ్రీ విష్ణుసహస్రనామ పారాయణము చేసితిరి. ఒకవైపు శిల్పుల ఉలి చప్పుడు, మరొకవైపు మీ నామఘోష వినుచు నేను నిత్యార్చన సాగించితిని. ఈ సంచికకు ఏదైన వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు నా మనస్సునకు ఒక్క విషయమే తోచినది. మనము నోరార పలుకుచున్న ఆ వేయి నామములను ధర్మరాజునకు ఉపదేశించిన మహాత్ముడు ఎవరు? ఏ స్థితిలో ఉపదేశించెను? ఏ పుణ్యమును, ఏ భారమును మోయుచు ఆయన ఆ అంపశయ్యకు చేరెను? ఈ ప్రశ్నలను మీ ముందుంచి, నా గురువుల వలన విన్నంత, నాకు తెలిసినంత విన్నవించుకొందును.

భీష్మ పితామహుని కథ మీరెరుగనిది కాదు. అయినను తెలిసిన కథనే మరల వినుట మన సంప్రదాయము. మనము మారిన కొలదియు అదే కథ మనకు క్రొత్త విషయము చెప్పును.

దేవవ్రతుడు

అష్టవసువులు తమ భార్యలతో కూడి వసిష్ఠ మహర్షి ఆశ్రమమునకు విహారార్థము వచ్చిరి. వారిలో ద్యువు అనువాడు, ప్రభాసుడని కూడ అందురు, భార్య కోరికను కాదనలేక మహర్షి హోమధేనువును అపహరించెను. తోడి వసువులు సహకరించిరి. మహర్షి వారందరును మనుష్యులై పుట్టవలెనని శపించెను. ఏడుగురకు శీఘ్రముగా విముక్తి లభించునట్లును, ప్రధాన దోషి యైన ద్యువు మాత్రము చిరకాలము భూలోకమున ఉండునట్లును, సంతానము లేనివాడై తండ్రి హితమునందే ఆసక్తి కలిగియుండునట్లును శాపమునకు కట్టడి చేసెను.

గంగాదేవి మానవరూపమున హస్తినాపుర ప్రభువైన శంతనుని వరించి, పుట్టిన ఏడుగురు శిశువులను నీట విడిచి వారికి శాపవిముక్తి కలిగించెను. ఎనిమిదవ శిశువు విషయమున శంతనుడు అడ్డుపడెను. గంగ ఆ శిశువును తనవెంట గొనిపోయి పెంచి, విద్యలన్నియు నేర్పించి తిరిగి తండ్రికి అప్పగించెను. వసిష్ఠుని వలన వేదములను, పరశురాముని వలన అస్త్రవిద్యను గ్రహించిన ఆ బాలుడు బాణములతో గంగాప్రవాహమునే నిలువరించుచుండగా శంతనుడు చూచి విస్మయపడెనని భారతము చెప్పుచున్నది. ఆ బాలుడే దేవవ్రతుడు.

శంతనుడు యమునాతీరమున సత్యవతిని చూచి మోహించెను. ఆమె తండ్రి దాశరాజు తన కుమార్తెకు పుట్టబోవు బిడ్డకే రాజ్యము దక్కవలెనని కోరెను. శంతనుడు ఆ మాట ఈయలేక, ఆ కన్యను మరువలేక కృశించుచుండెను. దేవవ్రతుడు కారణము తెలిసికొని స్వయముగా దాశరాజు ఇంటికి పోయి రాజ్యమును త్యజించెను. దాశరాజునకు అంతటితో సంతృప్తి కలుగలేదు. దేవవ్రతుని బిడ్డలు మాట వినకపోవచ్చునని సందేహించెను. అంతట దేవవ్రతుడు యావజ్జీవము బ్రహ్మచర్యము అవలంబింతునని అందరి యెదుట ప్రతిజ్ఞ చేసెను. దేవతలు పూలవాన కురిపించి, అట్టి భయంకర ప్రతిజ్ఞ చేసినందున అతనిని భీష్ముడని పిలిచిరి. శంతనుడు సంతోషించి స్వచ్ఛంద మరణమును వరముగా ఇచ్చెను.

భక్తులారా! ఇక్కడ ఒక్క క్షణము ఆగుడు. ఆ ప్రతిజ్ఞలో స్వార్థము లేశమైనను లేదు. తండ్రి ముఖమున చిరునవ్వు చూడవలెనని కుమారుడు తన యౌవనమును, సింహాసనమును, సంతానమును ఒక్కమారుగా దానము చేసెను. దానము చేయువారందరికి ఆయన ఆద్యుడు. అయితే దానము చేసిన నాటితో దాత బాధ్యత తీరునా? భీష్ముని మిగిలిన జీవితమంతయు ఈ ప్రశ్నకు సమాధానమని నాకు తోచును.

ప్రతిజ్ఞ తెచ్చిన పరీక్షలు

సత్యవతికి పుట్టిన చిత్రాంగదుడు అదే పేరు గల గంధర్వునితో పోరాడి మరణించెను. రెండవవాడైన విచిత్రవీర్యునకు వివాహము చేయుటకై భీష్ముడు కాశీరాజు కుమార్తెల స్వయంవరమునకు ఒంటరిగా పోయి, రాజులందరిని ఓడించి అంబ, అంబిక, అంబాలికలను రథముపై హస్తినాపురమునకు తెచ్చెను. అంబ తాను సాల్వుని మనసార వరించితినని చెప్పగా ఆమెను మర్యాదతో సాల్వుని కడకు పంపెను. సాల్వుడు ఆమెను స్వీకరింపలేదు. తిరిగి వచ్చిన అంబను భీష్ముడును ప్రతిజ్ఞా కారణమున స్వీకరింపజాలకపోయెను. ఆమె పరశురాముని శరణు వేడెను. గురుశిష్యుల నడుమ కురుక్షేత్రమున ఇరువది మూడు దినములు యుద్ధము జరిగెను. దేవతలు, పితరులు అడ్డుపడి ఆపిరి. భీష్ముడు ఓడలేదు. కాని అంబకు న్యాయము కలుగలేదు. ఆమె తపస్సు చేసి, శివుని వరము పొంది, అగ్నిలో ప్రవేశించి, ద్రుపదుని ఇంట ఆడబిడ్డగా పుట్టి, స్థూణాకర్ణుడను యక్షుని వలన పురుషత్వము పొంది శిఖండియయ్యెను.

విచిత్రవీర్యుడు సంతానము లేకయే క్షయవ్యాధితో మరణించెను. వంశము నిలుచుటకు మార్గము లేకపోయెను. అప్పుడు భీష్ముని పిలిచి, రాజ్యము స్వీకరించి వంశము నిలుపుమని కోరినది ఎవరు? ఎవరి కొరకు ఆయన ఆ ప్రతిజ్ఞ చేసెనో ఆ సత్యవతియే. ప్రతిజ్ఞ వలన మేలు పొందిన తల్లియే దానిని విడువుమని అడిగినను ఆయన విడువలేదు. సూర్యుడు తన కాంతిని విడిచినను తాను సత్యమును విడువజాలనని విన్నవించెను. చివరకు వ్యాసభగవానుని అనుగ్రహమున ధృతరాష్ట్రుడు, పాండురాజు, విదురుడు జన్మించిరి. వారిని, వారి బిడ్డలను పెంచి పెద్దచేసినవాడు భీష్ముడే. సంతానము వలదని ప్రతిజ్ఞ చేసిన వానికి నూటయైదుగురు మనుమలు లభించిరి. పితామహుడను పేరు ఆయనకు అట్లు సార్థకమయ్యెను.

సభలో మౌనము

ఇక వ్రాయుటకు చేయి వెనుకాడు ఘట్టము. జూదమున ధర్మరాజు సర్వమును, తమ్ములను, తన్నును, ద్రౌపదిని ఓడెను. దుశ్శాసనుడు ఆమెను కొప్పు పట్టి సభకు ఈడ్చుకొని వచ్చెను. తన్ను తాను ఓడినవానికి భార్యను ఒడ్డు అధికారము కలదా అని ఆమె సభను అడిగెను. సభలో వయస్సున, విద్యలో, ధర్మజ్ఞానమున అగ్రగణ్యుడు భీష్ముడు. ఆయన ధర్మము సూక్ష్మమైనదని, తాను నిర్ణయింపజాలనని పలికి ఊరకుండెను.

ఆనాడు నోరు విప్పినవారు లేకపోలేదు. విదురుడు పలికెను. ధృతరాష్ట్రుని కుమారులలో ఒకడైన వికర్ణుడు, వయస్సున చిన్నవాడు, లేచి నిలిచి ఇది అధర్మమని ఎలుగెత్తి చెప్పెను. మనుమడు చెప్పగలిగిన మాటను తాత చెప్పలేకపోయెను. సింహాసనమున కూర్చుండిన వానిని కాపాడుదునన్న నియమము ఆయన కాళ్లకు సంకెలయ్యెను. యుద్ధారంభమున ధర్మరాజు కాలినడకన వచ్చి పాదములకు మ్రొక్కి అనుమతి వేడినప్పుడు, తాను కౌరవుల ధనమునకు కట్టుబడినవాడనని ఆయనయే ఒప్పుకొనెను. తన లోపమును దాచుకొనక చెప్పుట కూడ ఆయన గొప్పతనమే.

తొమ్మిదవ నాడు

కురుక్షేత్ర యుద్ధము పదునెనిమిది దినములు. కౌరవులకు పదునొకండు, పాండవులకు ఏడు అక్షౌహిణులు. మొదటి పది దినములు కౌరవసేనకు భీష్ముడే నాయకుడు. పాండవులను చంపనని, దినమునకు పదివేల మంది యోధులను మాత్రము కూల్తునని దుర్యోధనునకు మాట ఇచ్చెను. భీష్ముడు నిలిచియున్నంతకాలము తాను ఆయుధము పట్టనని కర్ణుడు శపథము చేసియుండెను.

ఎనిమిదవనాటి రాత్రి దుర్యోధనుడు పితామహుని శిబిరమునకు వచ్చి, పాండవులపై ప్రేమ చేతనో, తనపై ద్వేషము చేతనో యుద్ధమున ఉపేక్ష వహించుచున్నారని నిష్ఠురమాడెను. చేతకానిచో కర్ణునకు అనుమతి ఈయవలసినదని కోరెను. ఆ మాటలు బాణముల కంటె వాడిగా నాటినవి. ఆయన చాలసేపు ఏమియు పలుకలేదు. తరువాత, మరునాడు తాను చేయు యుద్ధమును భూమి నిలిచినంతకాలము జనులు చెప్పుకొందురని మాత్రము చెప్పి పంపెను.

తొమ్మిదవనాడు భీష్ముడు సర్వతోభద్రమను వ్యూహమును పన్నెను. ఉదయమున అభిమన్యుడు అలంబుసుడను రాక్షసుని ఓడించి కౌరవసేనను కలచివేసెను. కాని పగలు సాగిన కొలదియు పితామహుని ధాటికి పాండవసేన నిలువలేకపోయెను. రథములు విరిగినవి. ఏనుగులు కూలినవి. తండ్రిని కుమారుడు, మిత్రుని మిత్రుడు గుర్తింపజాలక సేనలు పరుగిడినవి. అర్జునుడు ఎదురుగా నిలిచియు, తాతపై మనసార బాణము వేయలేకపోయెను.

పార్థసారథి దీనిని చూచెను. యుద్ధమున ఆయుధము పట్టనని మాట ఇచ్చిన స్వామి, పగ్గములు విడిచి రథము నుండి క్రిందికి దుమికెను. మూడవనాడు ఒకమారు సుదర్శనము ధరించి ఇట్లే దుమికియుండెను. ఈనాడు గుర్రములను తోలు కొరడాతోనే, అడుగుల బరువునకు భూమి అదరునట్లు, సింహము ఏనుగుపైకి పోవునట్లు భీష్మునిపైకి నడిచెను.

ఇప్పుడు పితామహుని చూడుడు. ఆయన ముఖమున భయము లేదు. రథముపై విల్లు పట్టియే స్వామికి స్వాగతము పలికెను. తన్ను చంపి ధన్యుని చేయుమని, అంతకంటె తనకు శ్రేయస్సు లేదని వేడెను. అర్జునుడు వెనుకనుండి పరుగెత్తి వచ్చి స్వామిని బాహువులతో పట్టుకొనెను. స్వామి అతనిని ఈడ్చుకొనుచునే సాగెను. అర్జునుడు పాదములు గట్టిగా పట్టగా పదవ అడుగున ఆగెను. ఆడినమాట తప్పినట్లు లోకము స్వామిని నిందించునని, భీష్ముని తానే కూల్తునని అర్జునుడు శపథము చేసి బ్రతిమాలెను. స్వామి మారుపలుకక మరల రథమెక్కెను. ప్రొద్దు గ్రుంకెను. ఆనాటి యుద్ధము ముగిసెను.

ఈ దృశ్యమును భీష్ముడు కడవరకు మరువలేదు. శ్రీమద్భాగవతమున, తనువు చాలించు వేళ ఆయన స్మరించినది శంఖచక్రగదాధారియై వైకుంఠమున నిలిచిన స్వామిని మాత్రమే కాదు. చెమటపట్టి, ధూళి కప్పి, పైవస్త్రము జారిపోవుచుండగా తన్ను చంపుటకు పరుగెత్తి వచ్చిన స్వామిని. తన భక్తుని మాట నిలుపుటకై భగవంతుడు తన మాటను ప్రక్కనపెట్టెనని ఆయన గ్రహించెను. పోతనామాత్యుడు ఈ ఘట్టమును తెలుగు చేసిన పద్యమును ఇంటింట పిల్లలు సైతము కంఠస్థము చేసినారు.

నా అల్పబుద్ధికి తోచిన మాట ఇది. ఒకడు ప్రతిజ్ఞను నిలుపుకొనుటకై ధర్మము దెబ్బతినుచున్నను కదలలేదు. మరియొకడు ధర్మము నిలుపుటకై తన ప్రతిజ్ఞ దెబ్బతిన్నను సరేయని కదలెను. ఇద్దరును సత్యసంధులే. కాని ప్రతిజ్ఞ ధర్మమునకు సేవకుడే గాని యజమాని కాదని స్వామి ఆ పది అడుగులతో పితామహునకు తెలియజేసెను. ఆ పాఠము ఆయనకు అర్థమయ్యెనని ఆ రాత్రియే రుజువయ్యెను.

ఆ రాత్రి

ధర్మరాజు నిస్పృహ చెంది, రాజ్యమేల, అడవులకు పోవుట మేలని తలచెను. తానే భీష్ముని చంపుదునని స్వామి ముందుకు వచ్చినను ధర్మరాజు అంగీకరింపలేదు. స్వామి మాట తన కొరకు అబద్ధము కారాదని చెప్పి, ఉపాయమును తాతనే అడుగుదమని నిశ్చయించెను. పాండవులు కవచములు, ఆయుధములు విడిచి శ్రీకృష్ణునితో కూడి పితామహుని శిబిరమునకు పోయిరి.

శత్రుసేనానిని చంపు ఉపాయమును ఆ సేనానినే అడుగుట ఏ దేశపు చరిత్రలో కలదు? ఆయన వారిని ప్రేమతో ఆహ్వానించెను. కుశలమడిగెను. తాను శస్త్రము పట్టియున్నంతవరకు తన్ను జయించుట దేవతలకును అసాధ్యమని చెప్పి, ఆయుధము విడిచిన వానితో, పారిపోవువానితో, భయపడినవానితో, శరణు చొచ్చినవానితో, స్త్రీతో, స్త్రీగా పుట్టినవానితో తాను పోరాడనని తెలియజేసెను. శిఖండిని ముందుంచుకొని అర్జునుడు బాణములు వేయవలెనని ఉపాయము కూడ ఆయనయే చెప్పెను.

తిరిగి వచ్చునప్పుడు అర్జునుడు దుఃఖము ఆపుకొనలేకపోయెను. చిన్ననాట ఆటలాడి దుమ్ముకొట్టుకొనిన ఒంటితో తాత ఒడిలోనికి ఎక్కి, ఆయన వస్త్రములు మాపి, తండ్రీ అని పిలిచితినని, తాను తండ్రిని కానని, తండ్రికి తండ్రినని ఆయన నవ్వుచు చెప్పెడివారని తలచుకొనెను. అట్టి తాతను ఎట్లు చంపుదునని వాపోయెను. క్షత్రియధర్మమును జ్ఞాపకము చేసి స్వామి అతనిని ఓదార్చెను.

భక్తులారా! సభలో పలుకవలసిన మాట పలుకని పెదవులు ఆ రాత్రి పలికినవి. ఆయన తన వ్రతమును భంగపరచుకొనలేదు. దుర్యోధనుని విడిచిపోలేదు. తనయొద్ద మిగిలిన ఒక్క వస్తువును, తన ప్రాణమును, ధర్మమునకు అప్పగించెను. యౌవనమున తండ్రికి ఇచ్చిన దానము కంటె వృద్ధాప్యమున మనుమలకు ఇచ్చిన ఈ దానము గొప్పదని నేను భావింతును.

పదవ నాడు

మరునాడు పాండవసేనకు ముందు శిఖండి నిలిచెను. అతని రథచక్రములను భీమార్జునులు కాపాడిరి. దుశ్శాసనుడు అర్జునుని అడ్డగించి ఆనాడు మెచ్చదగిన యుద్ధము చేసెనని చెప్పుట న్యాయము. జీవితముపై విరక్తుడైన పితామహుడు, ఇంతమందిని చంపుటతో అలసితినని ధర్మరాజుతో యుద్ధభూమిలోనే చెప్పెను. శిఖండి బాణములు తగులుచుండగా నవ్వెను. ఎదురు వేయలేదు. శిఖండి వెనుకనుండి వచ్చి మర్మస్థలములను చీల్చు బాణములు అర్జునునివని గుర్తుపట్టెను. విండ్లు విరిగినవి. శక్తి ముక్కలయ్యెను. ఖడ్గము, డాలు పట్టి దిగబోవగా డాలు తునుకలయ్యెను. శరీరమున రెండు వ్రేళ్ల ఎడమైనను లేకుండ బాణములు నాటినవి. సూర్యాస్తమయమునకు కొంచెము ముందు, తల తూర్పుదిక్కునకు వచ్చునట్లు ఆయన రథము నుండి ఒరిగెను. దేహము నేలను తాకలేదు. బాణములే శయ్యయయ్యెను.

ఇరుసేనలును ఆయుధములు దించినవి. వార్త విన్న ద్రోణాచార్యుడు మూర్ఛిల్లెను. నిన్నటి శత్రువులు, నేటి శత్రువులు అందరును ఆయన చుట్టు మూగిరి. వ్రేలాడుచున్న తలకు దిండు కావలెనని కోరగా రాజులు మెత్తని దిండ్లు తెచ్చిరి. ఆయన నవ్వి అర్జునుని వైపు చూచెను. అర్జునుడు మూడు బాణములతో దిండు అమర్చెను. దుర్యోధనుడు వైద్యులను పిలిపింపగా సత్కరించి పంపివేయుమనెను. దక్షిణాయనము నడుచుచున్నందున ఉత్తరాయణము వచ్చువరకు ప్రాణములు నిలుపుకొందునని నిశ్చయించెను. మరునాడు దాహము కోరగా అర్జునుడు భూమిని చీల్చి జలధార రప్పించెను. హర్యానా రాష్ట్రమున కురుక్షేత్ర సమీపమున నరకాతారి గ్రామమున భీష్మకుండమను తీర్థము కలదు. ఆ జలధార పుట్టిన చోటు అదియేనని అక్కడివారు యాత్రికులకు చూపుదురు.

అందరును వెళ్లిన తరువాత కర్ణుడు ఒంటరిగా వచ్చి పాదములకు మ్రొక్కెను. ఎన్నియో పరుషవాక్యములు పలికిన ఆ తాత, కావలివారిని దూరముగా పంపి, ఒక చేతితో కర్ణుని కుమారునివలె కౌగిలించుకొనెను. అతని జన్మరహస్యము తనకు తెలియునని చెప్పి, సోదరులతో కలియుమని కోరెను. కర్ణుడు దుర్యోధనుని విడువజాలననగా అనుమతించి ఆశీర్వదించెను.

అంపశయ్యపై ఆచార్యుడు

యుద్ధము మరి ఎనిమిది దినములు సాగి ముగిసెను. గెలిచిన ధర్మరాజు శోకమున మునిగియుండెను. స్వామి అతనిని ఓఘవతీ తీరమున శయనించియున్న పితామహుని కడకు గొనిపోయెను. దేహబాధ వలన మాట పెగలదని భీష్ముడు చెప్పగా, స్వామి ఆ బాధను, అలసటను తొలగించి బుద్ధికి ప్రకాశము ప్రసాదించెను. అంతట రాజధర్మములు, ఆపద్ధర్మములు, మోక్షధర్మములు, దానధర్మములు ఆయన నోట వెలువడినవి. శాంతిపర్వము, అనుశాసనపర్వము అట్లు మనకు లభించినవి. ఏ ఒక్క దైవమును శరణు పొంది మానవుడు తరించునని ధర్మరాజు అడుగగా సమాధానముగా వచ్చినవే శ్రీ విష్ణుసహస్రనామములు. ఆదిశంకరులు వానికి భాష్యము వ్రాసిరి. శ్రీవైష్ణవ సంప్రదాయమున పరాశరభట్టరువారు భగవద్గుణదర్పణమును రచించిరి. తెలుగువారమైన మనకు భీష్మపర్వము మొదలుకొని ఈ పర్వములన్నింటిని అనువదించి ఇచ్చినవాడు పదమూడవ శతాబ్దమునకు చెందిన తిక్కన సోమయాజి.

ఉపదేశ సమయమున ద్రౌపది నవ్వెననియు, సభలో ఈ ధర్మములు ఎక్కడికి పోయినవని అడిగెననియు, దుర్యోధనుని అన్నము తినిన దుష్టరక్తము అర్జునుని బాణములతో కారిపోయినందున నేడు ధర్మము పలుకగలుగుచున్నానని భీష్ముడు చెప్పెననియు పౌరాణికులు ఒక కథ చెప్పుదురు. ఇది వ్యాసభారతమున లేదు. అయినను జనులు ఈ కథను కల్పించుకొనుటలోనే ఒక సత్యము కలదు. పితామహుని పూజించుచునే ఆ నాటి మౌనమును లోకము మరువలేదు.

ఏబదియెనిమిది రాత్రులు శరతల్పమున గడిచిన పిమ్మట, మాఘ శుక్లపక్షమున, సూర్యుడు ఉత్తరమునకు మరలగా ఆయన ధృతరాష్ట్రునకు ధైర్యము చెప్పి, పాండుపుత్రులను తన బిడ్డలుగా చూచుకొనుమని బోధించి, స్వామి అనుమతి వేడి, ప్రాణములను పైకి లాగెను. ప్రాణము విడిచిన అవయవము నుండి బాణములు తమంత తామే రాలినవట. గంగాదేవి నీట నుండి లేచి విలపించెను. స్వామి ఆమెను ఓదార్చెను.

మాఘ శుద్ధ అష్టమి భీష్మాష్టమి, ఏకాదశి భీష్మైకాదశి. గోదావరి సాగరసంగమమైన అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామివారి రథోత్సవము ఈ ఏకాదశినాడే జరుగును. అష్టమినాడు భీష్మునకు తర్పణము విడుతురు. తండ్రి జీవించియున్నవారు కూడ విడువవచ్చునని పెద్దలు చెప్పుదురు. తన కొరకు ఒక బిడ్డను కూడ కోరని మహానుభావునకు లోకమంతయు బిడ్డయై నీరు విడుచుచున్నది.

కడపటి విన్నపము

ఒక్క మాట నా స్వవిషయము విన్నవించి ముగింతును. సుమారు పాతికేండ్ల క్రిందట నేను వేరొక ఊరి ఆలయమున అర్చకత్వము చేయుచుంటిని. ఒక ముక్కోటి ఏకాదశినాడు, ఒక వృద్ధురాలు తెల్లవారక మునుపే వచ్చి, ఆకులో చుట్టిన తులసిమాలతో వరుసలో మొదట నిలిచినది. ప్రముఖులు కొందరు రాగా వారికి త్రోవ చేయుటకై ఆమెను ప్రక్కకు త్రోసిరి. ఆమె నావైపు చూచినది. హారతిపళ్లెము నా చేతనున్నది. వరుసల సంగతి నాది కాదని, నా నియమము అర్చన మాత్రమేనని మనస్సునకు చెప్పుకొని ఊరకుంటిని. అర్చన ముగించి వెలుపలికి వచ్చునప్పటికి ఆమె లేదు. తులసిమాల ధ్వజస్తంభము అరుగుపై కనబడెను. దానిని స్వామికి సమర్పించితిని. ఆమెకు మాత్రము నేటివరకు సమాధానము చెప్పుకొనలేకపోయితిని. ఆనాటినుండి సహస్రనామము పఠించినప్పుడెల్ల నాకు కౌరవసభ గుర్తుకు వచ్చును. భీష్ముని నిందించు అర్హత నాకు లేదని తెలిసినది. ఆయనకున్న ప్రతిజ్ఞ వంటి కారణము కూడ నాకు లేకుండెను.

దాతలారా! మీ ద్రవ్యముతో మన ఆలయ విమానము నిలిచినది. మీ గోత్రనామములు సంకల్పమున పలుకుదును. శిలాఫలకమునను చెక్కబడును. కాని పితామహుని జీవితము చెప్పునది ఏమి? ఇచ్చిన నాటితో దానము ముగియదు. ఇచ్చిన దానికి కట్టుబడి, దాని నీడలో అన్యాయము జరుగకుండ కాపాడుట కూడ దానమే. సంప్రోక్షణ దినమున లక్షలు ఇచ్చినవారును, తలపై ఇసుకతట్ట మోసినవారును, ఒక్క తులసిదళము తెచ్చినవారును ఒకే వరుసలో నిలిచి స్వామి ప్రథమదర్శనము చేయవలెనని మీ అర్చకుని ప్రార్థన. ఈ మాట నేను సభాముఖమున కూడ విన్నవింతును. ఈమారు ఊరకుండను.

గర్భాలయమున మన స్వామివారి చేతనున్న చక్రమును దర్శించునప్పుడు ఆ తొమ్మిదవనాటి సంధ్యను తలచుకొనుడు. తన మాట పోయినను సరేయని భక్తుల కొరకు రథము దిగి నడిచి వచ్చు స్వామి ఆయనయే. ఆయన వచ్చునప్పుడు పితామహునివలె జంకు లేక స్వాగతము పలుకగల నిర్మల హృదయమును మనకందరకు ప్రసాదించుగాక. సమస్త సన్మంగళాని భవంతు.

స్వస్తి.